వంటగదిలో అమెరికా క్యాసెట్లు

ఇది నేను ఇంతకు ముందు రాయలేకపోయాను, ఎందుకంటే నాకు రాయడం వచ్చేది కాదు. నలభై ఏళ్ళు దాటేదాకా నా సంతకం వేలిముద్రే. మా ఊళ్ళో ఆడపిల్లల ఒళ్ళోకి పలకకన్నా ముందు బీడీల చేట వచ్చేది. తునికాకు తడిపి కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. బడిగంట మాకూ వినపడేది. అది విని అన్నాలకు లేచేవాళ్ళం. అక్షరాలు వచ్చిన తర్వాత కూడా చాలా కాలం రాయలేదు. దానికి కారణం వేరు. నేను ఒకచోట కూర్చోలేను. రెండు వాక్యాలు రాయగానే లేచి పొయ్యి చూసి రావాలనిపిస్తుంది, పొయ్యి మీద ఏమీ లేకపోయినా.

ఈ కాలు నిలవనితనం నాకు ఖతర్‌లో పట్టుకుంది. ఆ రోజుల్లో అక్కడ ఎవరూ కుదురుగా లేరు. ఆయిల్ డబ్బుకు తోడు సముద్రం అడుగున గ్యాస్ దొరికిందని, దాని కోసం ఉత్తరాన రాస్ లఫాన్‌లో ఊరికి ఊరే కడుతున్నారని, కంపెనీల బస్సులు పొద్దూమాపూ మనుషుల్ని మోస్తూనే ఉండేవి. మా తమ్ముడు అక్కడే ఇనుము కట్టే పనిలో ఉండేవాడు. అల్ ఖోర్ దగ్గర క్యాంప్‌లో పడుకుని, శుక్రవారం శుక్రవారం కంపెనీ బస్సెక్కి దోహా వచ్చి నన్ను చూసి పోయేవాడు. నా భర్త పోయాక, పిల్లలు లేని నన్ను ఇంటిపని వీసా మీద పిలిపించింది వాడే. ఊళ్ళో అమ్మ, వాడి పెళ్ళాం ఉండేవాళ్ళు. వాళ్ళకు మేమిద్దరం ఉన్నది దుబాయ్. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా అమ్మ "అదే, దుబాయ్‌ల ఖతర్" అనేది.

నేను పనిచేసిన ఇల్లు ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో, ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తులో. సారు రాస్ లఫాన్‌లో ఇంజనీరు. వారమంతా అక్కడే ఉండి గురువారం సాయంత్రం వచ్చేవారు. మేడం అక్కడి ఇండియన్ బడిలో ఇంగ్లీషు టీచరు. ఇద్దరూ గోదావరి వైపు వాళ్ళు. మేడం నాకన్నా చాలా చిన్నది. కోపం వస్తే నన్ను "మహాతల్లీ" అనేది, ప్రేమ వస్తే "తల్లీ" అనేది. పేరు పెట్టి పిలిచింది తక్కువ.

మేడమే నాకు అక్షరాలు మొదలుపెట్టింది. నేను అడగలేదు. ఒకరోజు నేను పప్పుల డబ్బాలు మూతలు తీసి వాసన చూసి పెట్టుకోవడం చూసి, "డబ్బాల మీద పేర్లు రాశాను కదా, చూసుకోవచ్చుగా" అంది.

"చూస్తే ఏం కనవడ్తది మేడం, నాకు సదువు రాదాయె."

ఆమె మరునాటి నుంచి బడి నుంచి వచ్చి అన్నం తిన్నాక, బడిపిల్లల పాత పరీక్ష కాగితాల వెనక నాతో అ, ఆ దిద్దించడం మొదలుపెట్టింది. కొన్ని నెలల్లో గుణింతాలు వచ్చాయి. ఒత్తుల దగ్గర ఆగిపోయాను. 'అమ' అని రాయగలను గానీ 'అమ్మ' అని రాయలేను. ఆ ఒత్తుల దగ్గర ఉండగానే ఒక వార్త వచ్చింది.

బడివాళ్ళు ఒక కొత్త నిబంధన పెట్టారు. పై తరగతులకు పాఠం చెప్పాలంటే ఎం.ఏ. ఉండాలి. మేడం ఉత్తరాల ద్వారా చదివే ఎం.ఏ.లో అన్ని పేపర్లూ పాసై ఒక్క అమెరికన్ సాహిత్యం దగ్గర తప్పింది. ఈ వేసవిలో హైదరాబాద్ వెళ్ళి అది రాసి గట్టెక్కకపోతే ఉద్యోగం ఉండదు. ఆ సాయంత్రం ఆమె వంటగది గుమ్మంలో నిలబడి, దాచకుండా చెప్పింది.

"చూడు, నేను ఇంట్లో కూర్చుంటే నా వంట నేనే చేసుకుంటాను. నిన్ను పెట్టుకోలేం. సారు ముందే అనేశారు."

"అంటే నా వీసా?"

"క్యాన్సిల్ చేసి టికెట్ కొని పంపుతారు. అందుకే చెబుతున్నా, నేను చదువుకునేటప్పుడు నన్ను పలకరించకు."

నాకు ఇంటికి పోవడం కష్టం కాదు. కానీ పోతే మళ్ళీ చేట ఒళ్ళోకి వస్తుంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరికీ అక్షరం రాదు. నాకు వచ్చిన ఆ నాలుగు అక్షరాలు ఎన్నాళ్ళు నిలుస్తాయి? ఆ రోజు నుంచి అమెరికా వాళ్ళు ఎప్పుడు ఏం రాశారన్నది మేడం కన్నా నాకే ఎక్కువ అవసరమైపోయింది.

తమ్ముడికి చెబితే వాడు అన్నం ముందు పెట్టుకుని పడిపడి నవ్వాడు. "అక్క, ఊరోళ్లేమో దుబాయ్ పోయింది అంటరు. ఉన్నదేమో ఖతర్‌ల. సదివేదేమో అమెరికాది. ఇగ లండన్‌కు ఎప్పుడు పోతవ్?"

"తిను. తిని బస్సెక్కు."

"సదువు రాకుంటే ఏమైతది? నాకొచ్చిందా? వాళ్లు యల్లా యల్లా, జల్ది జల్ది అంటే పని నడుస్తలేదా?"

వాడి కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాను.

మేడంకు బడి నుంచి వచ్చాక పుస్తకం పట్టుకుంటే కళ్ళు మూతలు పడేవి. అందుకని ఒక ఉపాయం చేసింది. తను చదివింది తెలుగులో ముక్కలు ముక్కలుగా చెప్పి క్యాసెట్లలో రికార్డు చేసుకునేది. సాహిత్యంలో ఒక్కో కాలానికి క్యాసెట్‌లో ఒక్కో వైపు. వండేటప్పుడు, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు టేప్ రికార్డర్ వంటగదిలో పెట్టేది. ఇస్త్రీ నేను చేసేదాన్ని, వినేది ఆమె. కొన్నాళ్ళకు ఆమె బడిలో ఉన్నప్పుడు కూడా నేనే పెట్టుకుని వినడం మొదలుపెట్టాను. మీటలు నాకు కొత్త కాదు. గల్ఫ్‌లో ఉన్న మావాళ్ళందరం ఉత్తరాలు రాసేవాళ్ళం కాదు, క్యాసెట్లే పంపేవాళ్ళం. ఒక వైపు మేం మాట్లాడి ఊరికి పోయేవాళ్ళ చేతికి ఇస్తే, అదే క్యాసెట్ రెండో వైపు ఇంటివాళ్ళు మాట్లాడి తిప్పి పంపేవాళ్ళు. మళ్ళీ మేం మా వైపు చెరిపి కొత్తగా మాట్లాడేవాళ్ళం. క్యాసెట్ అంటే మాకు అంతే. మొదటి వైపు మాట, రెండో వైపు జవాబు.

అందుకని మేడం క్యాసెట్లను కూడా నేను అలాగే విన్నాను. మొదటి వైపు ఓడల్లో వచ్చి దిగినవాళ్ళు ఉన్నారు. చలి, ఆకలి, దేవుడి భయం. రోజూ ఏం జరిగిందో రాసుకున్నారు, పాపం చేయకండని ఉపదేశాలు రాశారు. క్యాసెట్ తిప్పితే, దేశానికి రాజు వద్దని, మనిషి బుద్ధి చాలని రాసినవాళ్ళు. ఇది వాళ్ళకు వీళ్ళ మనవలు ఇచ్చిన జవాబు అనుకున్నాను. ఇంకో క్యాసెట్‌లో ఒక వైపు అడవుల్లోకి వెళ్ళి, మనిషి తన మనసు మాట తనే వినాలని రాసినవాళ్ళు. రెండో వైపు బానిసలుగా ఉండి, అక్షరం నేర్చుకుంటే దెబ్బలు తినే చోట దొంగతనంగా నేర్చుకుని, తమ కథ తామే రాసినవాళ్ళు. 'మీకు అడవి దొరికింది, మనసు దొరికింది, మా సంగతేంటి' అని వాళ్ళను వీళ్ళు అడిగినట్టే వినపడింది నాకు.

పరీక్ష దగ్గర పడుతున్న రోజుల్లో ఒక శుక్రవారం మేడం నన్ను ముందు కూర్చోబెట్టుకుంది. పోయినసారి ఎందుకు తప్పిందో తన పాత లెక్చరర్ ఉత్తరం రాశారట. సాహిత్యం ఎలా ఎదిగిందో రాయమంటే నువ్వు వరసగా పేర్లు రాసి వచ్చావు అని.

"ఎలా ఎదిగిందో అంటే ఏం రాస్తాం? ముందు వీళ్ళు, తర్వాత వీళ్ళు. అంతేగా" అంది విసుగ్గా. "సరే, నువ్వు విను. నేను చెబుతాను. ఎక్కడైనా ఆగితే అడుగు."

చెప్పింది. బానిసల సంగతి మీద వాళ్ళలో వాళ్ళకే జరిగిన యుద్ధం అయిపోయాక ఆ దేశంలో మామూలు మనుషులు మాట్లాడుకునే మాటల్లోనే కథలు రాయడం మొదలైందని, ఒక్కో ప్రాంతం వాళ్ళు తమ యాసలో రాశారని చెబుతుంటే నేను ఆపాను.

"ఏ యాస? మనం మాట్లాడినట్టా?"

"నువ్వు మాట్లాడినట్టు" అని నవ్వింది. "నేను మాట్లాడేది పుస్తకాల్లోదేగా."

"ఆహా. పుస్తకాలు గోదావరి నీళ్లు తాగి పుట్టినయా?"

"మహాతల్లీ, పాఠం."

"సరే. గిది ఎవరికి జవాబు మేడం?"

ఆమెకు అర్థం కాలేదు. నేను రెండు వైపుల సంగతి చెప్పాను. ముందు నోరు తెరిచి విని, తర్వాత ఎంత గట్టిగా నవ్విందంటే, పక్క గదిలో పేపర్ చదువుకుంటున్న సారు లేచి వచ్చారు. "ఏమండీ, ఈవిడ అమెరికా వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు క్యాసెట్లు పంపుకున్నారనుకుంటోంది!" సారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక మేడం క్యాసెట్ల వైపు చూస్తూ, "వాళ్ళు నిజంగా ఒకళ్ళనొకళ్ళు చదువుకునే రాశారులే" అంది. "ఒక్కోసారి పోట్లాడటానికే రాశారు."

"మరి ఓడల్ల వచ్చినోళ్లు ఎవరికి జవాబు జెప్పిండ్రు?"

"వాళ్ళే మొదలు."

"వాళ్లు దిగేసరికి ఆ జాగల మనుషులు లేరా?"

"ఉన్నారు. వేల ఏళ్ళ నుంచీ ఉన్నారు. వాళ్ళకూ పాటలున్నాయి, కథలున్నాయి. కానీ నోటితో చెప్పుకున్నవి. చాలావరకు రాతలో లేవు. పుస్తకంలో మొదట్లో వాళ్ళ మీద ఒక పేజీ ఉంది. పరీక్షలో రాదు."

"రాయకపోతే లెక్కల లేనట్టేనా?"

"లేనట్టని కాదు. పరీక్షకి లేదు, అంతే."

ఆమె చెప్పింది తప్పు కాదు. ఆమెకు కావలసింది పరీక్ష. నేను లేచి అన్నం చూడటానికి వెళ్ళాను. అన్నం ఎప్పుడో అయిపోయింది. ఊరికే మూత తీసి పెట్టాను. మా ఊళ్ళో బీడీలు చుడుతూ ఒకామె కథ ఎత్తుకుంటే మిగతావాళ్ళు 'ఊఁ' కొట్టేవాళ్ళు. పొద్దు గూకేదాకా కథ సాగేది. ఆ కథలన్నీ ఏ పరీక్షలోనూ రావు. ఆ సాయంత్రం నేను 'మ' కింద ఒత్తు పెట్టడం రాసి రాసి కాగితం చింపేశాను.

మేడం బయల్దేరే ముందు ఇంకో చిక్కు వచ్చింది. చివరి కాలం ఒకటి మిగిలింది, పెద్ద యుద్ధాల తర్వాతిది. ఖాళీ క్యాసెట్ లేదు. శుక్రవారం మధ్యాహ్నం, దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఆమె సొరుగులన్నీ లాగి చూసి నెత్తి పట్టుకుని కూర్చుంది. నేను నా పెట్టెలోంచి నా క్యాసెట్ తీసి ఇచ్చాను.

"ఇది నీ ఇంటిదిగా?"

"ఈ దిక్కు నాది. ఎట్లాగూ చెరుపుతా. మీరు మాట్లాడుండ్రి. ఆ దిక్కు మాత్రం ముట్టకుండ్రి, మా అమ్మది."

ఆమె గది తలుపు వేసుకుని రికార్డు చేసింది. తర్వాత వంటగదిలో పెట్టుకుని విన్నాం. ఆమె తనకు అలవాటైన టీచరు గొంతుతో చెబుతోంది. రెండు పెద్ద యుద్ధాలు చూసిన రచయితలకు పాత మాటల మీద నమ్మకం పోయిందని, దేనికీ మొదలు తుది లేకుండా ముక్కలు ముక్కలుగా రాశారని, పట్నాల్లో మనిషి ఒంటరివాడయ్యాడని, పరాయి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ పిల్లలు మేమెవరమని అడుగుతూ రాశారని. ఆమె మాట అయిపోయింది. ఆ టేప్ రికార్డర్ దానంతటదే వైపు మార్చుకునే రకం. టక్కుమంది. వెంటనే మా అమ్మ.

"ఓ బిడ్డా... ఇనవడ్తుందా? ఇది తిరుగుతుందా లేదా సూడే... ఆఁ, తిరుగుతుందట. ఏం బిడ్డా, అంత పరేషాన్ ఎందుకు? నువ్వు తింటున్నవా లేదా అది జెప్పు ముందు. నువ్వు జెప్పిందాంట్ల సగం నాకు సమజ్ కాలె..."

మేడం చేతిలో గరిటె పట్టుకుని అలాగే గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "అమెరికా వాళ్ళందరికీ మీ అమ్మే జవాబిచ్చింది పో" అంది. "నాకూ సగం సమజ్ కాలేదని పరీక్షలో రాసి వస్తా."

హైదరాబాద్‌లో రాసి వచ్చింది. తిరిగి వచ్చిన రోజు విమానాశ్రయం నుంచి ఇంట్లోకి వస్తూనే, "ఈసారి పేర్ల జాబితా రాయలేదు. నీ లెక్కనే రాశాను చూడు, ఎవరు ఎవరికి జవాబిచ్చారో" అంది.

"అయ్యో, నా మాట ఎందుకు పట్టుకున్నరు మేడం?"

"బాగుంది కాబట్టి పట్టుకున్నాను. ఊరికే కంగారు పడకు."

కంగారు పడకుండా ఎలా ఉంటాను? ఆ నెలలన్నీ నేను తుడిచిన నేలే తుడిచాను. ఫోన్ మోగితే చెయ్యి తడిగానే పరుగెత్తేదాన్ని. ఒత్తులు మాత్రం మేడం ఆపలేదు. క, గ, త, ద దాటి, కష్టమైనవాటి దగ్గరికి వచ్చాం. 'స్త్రీ' అని రాయడానికి నాకు ఎంత కష్టమైందో, మీరు చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్ళు కాబట్టి మరిచిపోయి ఉంటారు.

ఫలితం వాళ్ళ నాన్నగారు ఫోన్‌లో చెప్పారు. బయట ఇంకా వెలుతురు ఉంది. మేడం "ఊఁ... ఊఁ... సరే నాన్నా" అని ఫోన్ పెట్టి, సోఫాలో కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"పోయింది" అంది.

"నా మాట వల్లనేనా?" అన్నాను.

"కాదు. అంతా నీ వల్లే అవడానికి నువ్వేమైనా యూనివర్సిటీవా?" అంది కోపంగా. మళ్ళీ తనే, "ఎవరు దిద్దారో, ఏం చూశారో. కొంచెంలో పోయిందట. కొంచెంలో పోయినా పోవడమే కదా" అంది. అప్పుడు ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి తీయమనలేదు.

సారు వచ్చాక ఇద్దరూ గదిలో మాట్లాడుకున్నారు. తర్వాత సారు వంటగదిలోకి వచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి పెట్టారు. ఎప్పుడూ కడగరు. "ఈ నెలాఖరుకు నీ టికెట్ చూస్తానమ్మా" అన్నారు. "లేదంటే ఎవరైనా నిన్ను తీసుకుంటామంటే చెప్పు. నేను రిలీజ్ రాసిస్తాను. నీ ఇష్టం."

రిలీజ్ అంటే ఒక యజమాని తన పనిమనిషిని ఇంకో యజమాని దగ్గరికి పోవడానికి ఒప్పుకుని వదలడం. అది ఇవ్వడానికి చాలామంది ఒప్పుకోరు. సారు అడక్కుండానే ఇస్తానన్నారు. తమ్ముడికి ఫోన్ చేశాను.

"మంచిదే గదా అక్క. ఇంటికి పో. అమ్మ కాడ ఉండు."

"సదువు?"

"ఏం సదువే? ఇంక మిగిలిందెంత?"

"ఒత్తులు."

"ఒత్తుల కోసం ఎడారిల ఉంటవా?"

"ఉంటా."

వాడు అటువైపు నవ్వలేదు. "పిచ్చి లేసింది నీకు" అని పెట్టేశాడు.

మరునాడు పొద్దున్నే టీ పెట్టి మేడం గది ముందు ఉంచి, చీర మార్చుకుని, తల దువ్వుకున్నాను. ఎప్పుడూ కింద చెత్త వేయడానికి తప్ప నేను ఒంటరిగా తలుపు దాటింది లేదు. బయటికి వచ్చి, మా అంతస్తులోనే ఎదురుగా ఉన్న ఇంటి తలుపు కొట్టాను. హైదరాబాద్ ముస్లిం కుటుంబం, పెద్దావిడ తలుపు తీసింది. మెట్ల దగ్గర నన్ను చూసింది కాబట్టి గుర్తుపట్టింది.

"క్యా హువా? ఏమైంది?"

"పని కావాలె అమ్మా. వంట, ఇస్త్రీ, పిల్లల పని, అన్నీ జేస్త. సారు రిలీజ్ ఇస్తడు. జీతం మీరెంతంటే అంత. కానీ ఒకటి."

"ఏం ఒకటి?"

"రోజూ ఒక గంట నాకు సదువు జెప్పాలె. మీకు తెలుగు రాయొస్తదా?"

ఆవిడ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. పని అడగడానికి వచ్చినామె తననే పరీక్ష పెడుతోందని అర్థమయ్యేసరికి కొంచెం నవ్వొచ్చినట్టుంది. "మాట్లాడటం వస్తది. రాయడం ఉర్దూల రాస్త. తెలుగు నై ఆతా" అంది.

"మీ ఇంట్ల ఇంకెవరికన్న వస్తదా?"

"నై అమ్మా."

దండం పెట్టి, మెట్లెక్కి పై అంతస్తుకు పోయి, అక్కడి మొదటి తలుపు కొట్టాను.